ఒకే నెంబరు మీద ఏటివీధి

గోరింటలంక,
జూన్ 9

చిరంజీవి సంయుక్తకు,

నా పేరు మల్లంపాటి శివపార్వతి. వయసు డెబ్భై ఎనిమిది. కృష్ణ కరకట్టకు లోపలి వైపున, ఏటికీ కట్టకూ నడుమ, గోరింటలంకలో, ఏటివీధిలో కాపురం. ఇంట్లో నేను, నా కోడలు శాంతకుమారి, రెండు గేదెలు, ఒక దూడ. నా కొడుకు పోయి ఆరేళ్ళు. ఇవన్నీ నీకు తెలిసినవే. అయినా ఎందుకు రాయిస్తున్నానంటే, ఇది అమ్మమ్మ మనవరాలికి రాయించే ఉత్తరం కాదు. ఫిర్యాదు. ఫిర్యాదు చేసే మనిషి ముందు తానెవరో చెప్పుకోవాలి.

నాకు చదువు రాదు. రాస్తున్నది శాంత. నేనన్నది అన్నట్టు రాయమన్నాను. మెత్తబరిచి రాస్తే ఊరుకోనని కూడా చెప్పాను. ఆ ముక్క కూడా రాయమన్నాను. ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. ఫోన్లో మాట ఫోన్లోనే ఆరిపోతుంది. కాగితమైతే రేపు నువ్వు నేనలా అనలేదంటే తీసి చూపిస్తాను.

జరిగింది విను. ఉగాది వెళ్ళిన వారం ఎలిజబెత్ అనే పిల్ల, వరద రక్షణ ప్రాజెక్టు ఆఫీసు తరపున, పలక లాంటి ట్యాబ్ పట్టుకుని వచ్చింది. కరకట్ట అవతల కాలనీ కడతారట. పట్టాలు ఆడవాళ్ళ పేరున ఇస్తారు గనుక ఆడవాళ్ళనే అడగాలట. మంచి పిల్ల. అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాను. వీధిలో ఆడవాళ్ళంతా ఒకరి తరవాత ఒకరు వచ్చి కూర్చున్నారు. ఇంట్లో ఎందరు, గొడ్లెన్ని, వరదొస్తే నీళ్ళు ఎంతదాకా వస్తాయి, ఇలా అడిగి అడిగి, చివరకు అసలు ప్రశ్న అడిగింది. ఈ వీధి ఖాళీ చేసి కాలనీకి వెళ్ళడం మీకు సమ్మతమేనా అని. అందరూ వద్దన్నారు. నేను పక్కనే ఉన్నాను. నా చెవులతో విన్నాను.

మొన్న పంచాయతీ గోడకు కాగితం అంటించారు. శాంత చదివింది. ఏటివీధి, వచ్చిన జవాబు ఒకటి, సమ్మతం ఒకటి, వ్యతిరేకం లేదు.

లోపలికెళ్ళి గుమాస్తాను అడిగాను. "ఏమయ్యా, మా వీధిలో పదిళ్ళు. ఒక్క జవాబు వచ్చిందా?"

"కంప్యూటర్లో అలాగే ఉందండీ."

"కంప్యూటర్ మా వీధికొచ్చి మజ్జిగ తాగిందా?"

"నన్నంటే ఏం లాభం మామ్మగారూ. ఆగస్టు నెలాఖరున గ్రామసభ. ఈ లెక్కే చదువుతారు. ఎక్కువమంది ఎటుంటే వీధంతా అటు."

ఈ ప్రశ్నలూ జవాబుల ఏర్పాటు ఎవడు చేశాడని అడిగితే విజయవాడ, మొగల్రాజపురంలో ఒక కంపెనీ అని పేరు చెప్పాడు. అది నువ్వు పనిచేసే కంపెనీ.

నా వద్దు ఎటు పోయింది? మా వీధి వద్దులన్నీ ఎటు పోయాయి? కంచే చేను మేసిందా? జవాబు రాయి. శాంత చదివి వినిపిస్తుంది.

మీ అమ్మమ్మ


విజయవాడ,
జూన్ 15

అమ్మమ్మకు నమస్కారాలు.

నీ ఉత్తరం ఆఫీసులో అందింది. ఇంటి అడ్రసుకు రాయకుండా ఇక్కడికే ఎందుకు పంపావో అర్థమైంది.

మా కంపెనీయే చేసిన పని. కంప్యూటర్లో ఇలాంటి సర్వేకి విడివిడిగా పట్టికలు ఉంటాయి. ఒకదాంట్లో ప్రశ్నలు, ఇంకోదాంట్లో మనుషులు, మూడో దాంట్లో జవాబులు. ఫలానా జవాబు ఫలానా మనిషిది, ఫలానా ప్రశ్నకు అని తెలియాలంటే, ప్రతి మనిషికీ ఇంకెవరికీ లేని గుర్తు ఒకటి ఉండాలి. అత్త పొద్దున్నే పాల కేంద్రంలో పాలు పోస్తుంది కదా. అక్కడ మన ఇంటికో నెంబరుంది. ఎన్ని పాలు పోసినా ఆ నెంబరు కిందే రాస్తారు. అలాంటిదే.

ఈ సర్వేలో ఆ గుర్తు ఫోన్ నెంబరు. ఒకే నెంబరు మీద రెండోసారి జవాబులు వస్తే, అదే మనిషి తన జవాబు దిద్దుకుందని కంప్యూటర్ అనుకుంటుంది. పాతది తీసి కొత్తది పెడుతుంది. పాలైతే క్యాన్లో కలుస్తాయి. ఇక్కడ కలవవు. ముందు పోసినవి పారబోసి కొత్తవి పట్టుకున్నట్టు అవుతుంది.

అందుకని ఒక్కటి అడుగుతాను. ఎలిజబెత్‌కు మీ వీధి వాళ్ళు ఏ ఫోన్ నెంబర్లు చెప్పారు? ఎవరిది వాళ్ళే చెప్పారా?

నీకు ఆయాసం తగ్గిందా? అత్తను అడిగానని చెప్పు.

సంయుక్త


గోరింటలంక,
జూన్ 22

సంయుక్తకు,

అందరూ నా నెంబరే చెప్పారు. నేనే చెప్పమన్నాను. చెప్పి చేయించినదాన్ని, దాచుకునే పని నాకు లేదు.

ఎందుకంటే, నీకు అప్పటికి నిండా పదేళ్ళు లేవు, ఇసుక రేవు వాళ్ళు మా వీధికొచ్చారు. ఏటికి దారిమ్మని అడిగారు. ఎదురుగా అడిగితే అందరం వద్దన్నాం. వాళ్ళు వెళ్ళిపోయి ఒక్కొక్క ఇంటికి ఫోన్ చేశారు. "పక్కింటామె ఒప్పుకుంది, మీదే ఆలస్యం" అని ఈమెకు, "మీ ఎదురింటామె సంతకం పెట్టింది" అని ఆమెకు. వారం తిరక్కుండా వీధి వీధంతా ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా అయింది. దారి పోయింది. లారీలు తిరిగిన గుంట ఇప్పటికీ ఉంది.

అప్పుడే అనుకున్నాను. ఇంకోసారి ఎవడైనా వస్తే ఒక్క నెంబరే ఉండాలి, అది నా రొండిన ఉండాలి. ఎవడు ఫోన్ చేసినా నాకే చెయ్యాలి. ఒక్క గుమ్మమున్న ఇంటికి ఒక్క కుక్క చాలు. పచ్చమీట నొక్కితే మాట వస్తుంది, ఎర్రమీట నొక్కితే పోతుంది. వాళ్ళ సంగతి చూడ్డానికి నాకా మాత్రం చదువు చాలు.

నీ కంప్యూటర్ దాన్ని ఇలా వాడుకుంటుందని నాకెవరు చెప్పారు?

సరే. నువ్వు చెప్పినదాన్ని బట్టి ఆఖరున పోసిన పాలే నిలిచాయి. నిలిచింది సమ్మతం. అంటే ఆఖరున ఎవరో సమ్మతం అన్నారు. నా ముందు వద్దని, నా వెనక సరేనన్నారు. పేరు కావాలి.

నాకు తెలుసనుకో. కనకలక్ష్మి. వెంకటసుబ్బారావు పెళ్ళాం, మన ఎదురిల్లు. ఆ రోజు సాయంత్రం ఎలిజబెత్‌ను బస్సెక్కించడానికి కరకట్ట దాకా వెళ్ళింది అదొక్కతే. దారిలో జవాబు మార్చింది. మొన్న కొళాయి దగ్గర మొహానే అడిగాను.

"నేనేం మార్చలేదు పిన్నీ, నీ మీదొట్టు" అంది.

"నా మీద ఒట్టెందుకు, పోతే నేను పోతాననా? నీ మొగుడి మీద పెట్టుకో" అన్నాను.

బిందె అక్కడే వదిలేసి ఏడుస్తూ పోయింది. తప్పు లేనిది ఏడుస్తుందా? వీధిలో దానితో ఎవరూ మాట్లాడవద్దని చెప్పాను. మానేశారు.

ఇంకో మాట. నువ్వు రాసిన ఉత్తరంలో కంపెనీ చేసిందన్నావు. కంపెనీకి చేతులుంటాయా? చేసింది ఎవరు? శాంత ఆ ముక్క చదువుతుంటే రెండోసారి చదవమన్నాను. నీ పేరు రాకుండా ఎంత ఒడుపుగా రాశావే.

నీ ఉత్తరాలు ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేస్తున్నాను. చదివిన వెంటనే శాంత నా చేతికివ్వాలి. అవే నా సాక్ష్యం.

శివపార్వతి


విజయవాడ,
జులై 3

అమ్మమ్మా,

నేనే.

ఆ పట్టికలు గీసింది నేనే. మొదట గీసుకున్నప్పుడు మనుషుల పట్టిక వేరు, ఫోన్ల పట్టిక వేరు పెట్టాను. ఒక ఫోన్ కింద ఎంతమంది మనుషులైనా ఉండేట్టు. మన ఊరు తెలియక కాదు, తెలుసు కాబట్టే అలా గీశాను. మా మేనేజర్ అఖిలేష్ గారు చూసి, "ఎవడో ఒకడు కూర్చుని పదిమంది పేర్ల మీద నింపేస్తే? ప్రాజెక్టు ఆఫీసు వాళ్ళకి తాళం కావాలి సంయుక్తా. ఫోన్ నెంబరే తాళం" అన్నారు.

"ఒక్కో ఫోన్ ముగ్గురు నలుగురు వాడతారండీ."

"ఎక్కడో ఒకటీ అరా. దాని కోసం అందరికీ తలుపులు తీసి పెడతామా?"

ఒకసారి అన్నాను. రెండోసారి అనలేదు. వేరుగా ఉన్న రెండు పట్టికలనూ కలిపేసి ఒకటి చేశాను. ఇప్పుడు ఇదంతా కాగితం మీద పెట్టొద్దని కూడా ఆయనే చెప్పారు. పెడుతున్నాను.

ఒక్క పని మాత్రం ఎవరూ అడక్కపోయినా చేశాను. జవాబు మారినప్పుడల్లా పాత జవాబును పారెయ్యకుండా, పేరుతో, వేళతో సహా పక్కన ఇంకో పట్టికలో దాచేట్టు పెట్టాను. కాబట్టి మీ వీధి జవాబులన్నీ ఉన్నాయి. ఏదీ పోలేదు. నిన్న తీసి చూశాను.

పేరు మాత్రం చెప్పను. ఎలిజబెత్ మొదటి ప్రశ్న అడిగే ముందు ఒక వాక్యం చదివింది, గుర్తుందా? "మీరు చెప్పిన జవాబు మీ ఇంట్లో వాళ్ళకు గానీ మీ వీధిలో వాళ్ళకు గానీ చెప్పం" అని. ఆ వాక్యం రాసింది కూడా నేనే. నా పట్టిక తప్పింది. నా మాట కూడా తప్పమంటావా?

నిన్ను ఒకటి బతిమాలుకుంటున్నాను. కనకలక్ష్మి పిన్నిని వదిలెయ్. ఆమె అవునో కాదో నేను చెప్పకూడదు. ఎవరో ఒకరు తన మనసులో మాట చెప్పారు. అది నేరం కాదు. వాళ్ళ మాట అందరి మాట అయిపోయింది. ఆ తప్పు నాది.

ప్రాజెక్టు ఆఫీసు వాళ్ళతో మాట్లాడుతున్నాను. కొంచెం ఓపిక పట్టు.

సంయుక్త

(కాగితం వెనక వైపు)

అత్తా, ఈ వైపు నీకు. పైకి చదవకు. ఎలా ఉన్నావు? నాతో ఏమైనా చెప్పాలనుంటే విడిగా రాయి.


గోరింటలంక,
జులై 10

సంయుక్తకు మీ అత్త శాంతకుమారి రాయునది.

ఇది పాల కేంద్రంలో కూర్చుని రాస్తున్నాను. జవాబు ఇక్కడికే రాయి. ఆ పట్టికలో నా పేరు నువ్వు చూశావన్నమాట. చూసినట్టు కాగితం వెనక నువ్వు రాసిన ముక్కలే చెప్పాయి. ఆ ఉత్తరం మీ అమ్మమ్మకు చదివి వినిపించడం నాకు ఎంత కష్టమైందో నీకు తెలియదు. "పేరు కావాలి" అని ఆవిడ చెబుతుంటే ఆ ముక్క రాసిందీ నేనే. కనకలక్ష్మిని అన్న మాటలన్నీ రాసిందీ నేనే. రాస్తూ ఒకచోట సిరా ఒలికించాను, చూసి ఉంటావు.

ఆ రోజు నేను అరుగు మీద లేను. కంద తోటలో కలుపు తీస్తున్నాను. ఎలిజబెత్ బస్సు కోసం కరకట్ట మీదికి వస్తూ నన్ను చూసి ఆగింది. కనకలక్ష్మి అప్పటికే వెనక్కి వెళ్ళింది. "మీరు శివపార్వతి గారి కోడలా అండీ, మీ జవాబు మిగిలిపోయింది" అంది. మా ఇంటి జవాబు అత్తయ్య చెప్పారుగా అన్నాను. "అది ఆవిడదండీ, మీది మీరే చెప్పాలి" అంది. నన్ను ఒక్కదాన్నే పెట్టి ఎవరైనా ఏదైనా అడగడం, ఆలోచిస్తే, అదే మొదటిసారేమో.

మీ మావయ్య పోయినప్పుడు నువ్వు కాలేజీలో ఉన్నావు. వరద నీళ్ళు పశువుల పాకలోకి వచ్చాయి. గేదెల పలుపులు విప్పడానికి దిగారు. నీళ్ళలో పాము. మిట్ట మధ్యాహ్నం. కరకట్ట మీద అంబులెన్సు వచ్చి నిలబడి ఉంది, నాకు కనబడుతూనే ఉంది. అక్కడిదాకా తీసుకెళ్ళడానికి పడవ రాలేదు. వచ్చేసరికి అయిపోయింది. ఏటా బ్యారేజీ గేట్లు ఎత్తారని చాటింపు వేస్తే నేను ముందు పాకలోకి పోయి గేదెల పలుపులు విప్పేస్తాను. మీ అమ్మమ్మకు ఏరంటే పుట్టిల్లు. నాకు కాదు.

అందుకని సమ్మతమన్నాను. నెంబరు అడిగితే మాత్రం, మీ అమ్మమ్మ చెప్పమన్నదే చెప్పాను. అదీ నా బతుకు. మాట నాది, నెంబరు ఆవిడది.

అందరి వద్దుల్లో నా ఒక్క మాట లెక్కకు రావాలనుకున్నాను. అందరి మాటా తుడిచెయ్యాలనుకోలేదు. కనకలక్ష్మి పిల్లలకు కూడా వీధిలో పలకరింపు లేదిప్పుడు. అది చూడలేకపోతున్నాను. నా జవాబు మార్చెయ్. వద్దు అని రాసెయ్. నువ్వు గీసిన పట్టికే గదా, నీకెంతలో పని. అందరివీ వద్దులే అయిపోతే మీ అమ్మమ్మ చల్లబడుతుంది.

శాంత


విజయవాడ,
జులై 14

అత్తా,

మార్చను. నా చేతికి అందే పనే. అందుకే మార్చను. ఒకసారి నీ మాట కింద పదిమంది మాటలు పడి పోయాయి. ఇప్పుడు పదిమంది మాటల కింద నీది తొక్కమంటున్నావు.

అమ్మమ్మకు నువ్వు చెబుతావో లేదో నీ ఇష్టం. నేను చెప్పను.

సంయుక్త


విజయవాడ,
జులై 20

అమ్మమ్మకు నమస్కారాలు.

ప్రాజెక్టు ఆఫీసుకు నేనూ అఖిలేష్ గారూ వెళ్ళాం. దాచిన పట్టిక చూపించాను. వాళ్ళు రెండు మాటలన్నారు. ఒకటి, అన్నీ ఒకే నెంబరు మీద ఉన్నాయి గనుక ఒకే మనిషి పది పేర్లు చెప్పలేదని నమ్మకమేమిటి? రెండోది, జవాబులన్నీ ఒకే అరుగు మీద, ఒకే పెద్దావిడ పక్కన కూర్చుని ఉండగా చెప్పారని ఎలిజబెత్ తన రిపోర్టులో రాసింది. ఆ జవాబులు ఎవరివి?

మొదటిదానికి సమాధానం నా దగ్గర ఉంది. పట్టికలు మళ్ళీ విడదీశాను. ఇప్పుడు ఫోన్‌కూ మనిషికీ ముడి లేదు. ప్రతి మనిషికీ మేమే ఒక కొత్త నెంబరు ఇస్తాం, చీటీ మీద రాసి ఆమె చేతికే. జవాబు ఆ నెంబరుకే అతుక్కుంటుంది. ఒకరిది ఇంకొకరి మీద పడదు. అఖిలేష్ గారు కూడా ఒప్పుకున్నారు. మొదట చెయ్యనిచ్చి ఉండాల్సిందని ఆయనే అన్నారు.

రెండోదానికి సమాధానం నీ దగ్గర ఉంది.

ఏటివీధి జవాబులు మళ్ళీ తీసుకోవాలంటే వీధి నుంచి ఒక వాంగ్మూలం కావాలి. ఒకే నెంబరు ఎందుకు ఇచ్చారో అందులో ఉండాలి. ఇద్దరు సాక్షుల సంతకాలు కావాలి, ఆ వీధి వాళ్ళవే. ఆగస్టు పదో తారీకులోపు అందాలి. తరవాత ఎలిజబెత్ వచ్చి ఒక్కొక్కరినీ విడిగా అడుగుతుంది. నువ్వు పక్కన ఉండకూడదు. అరుగు మీద కాదు, గుమ్మంలో కాదు, పిలిస్తే వినబడేంత దూరంలో కూడా కాదు. ఇది నేను పెట్టిన షరతు కాదు గానీ, నన్నడిగితే నేనూ ఇదే పెట్టేదాన్ని.

వాంగ్మూలానికి నా జులై మూడో తారీకు ఉత్తరం జత చెయ్యి. తప్పు ఎవరిదో అందులో ఉంది. నా ఉద్యోగం సంగతి నేను చూసుకుంటాను.

సంయుక్త


గోరింటలంక,
ఆగస్టు 2

సంయుక్తకు,

చేతిరాత మారింది చూశావా. ఇది రాస్తున్నది కనకలక్ష్మి. దాని చేత ఎందుకు రాయిస్తున్నానో చెబుతాను.

నీ ఉత్తరం విని ఒళ్ళు మండింది. నా వీధిలో నన్ను వినబడనంత దూరంలో నిలబెడతారా అని శాంత మీద అరిచాను. శాంత ఏం చేసింది, ఎప్పటిలాగే తలొంచుకుంది. మర్నాటికి కోపం దిగింది. వాంగ్మూలానికి సాక్షులు కావాలి. వీధిలో ఆడవాళ్ళలో సంతకం పెట్టగలవాళ్ళు శాంత గాక ఇంకొకతే. ఆ ఒక్కతినే నేను వెలేసి కూర్చున్నాను. ఏం చేస్తాను. ట్రంకుపెట్టె తీసి, నువ్వు జత చెయ్యమన్న ఉత్తరం వెతికి పట్టుకుని ఎదురింటికి వెళ్ళాను.

ఉత్తరం ఏది ఏదో నాకెలా తెలుస్తుందంటావు. వచ్చిన వరసన పెట్టాను. అదీగాక, ఆ కాగితానికి రెండు వైపులా సిరా ఉంది. వెలుతురులో చూస్తే వెనక వైపు ఒక మూలన నాలుగు వరసలు. శాంత నాకు చదివినప్పుడు కాగితం తిప్పలేదు. నాకు చదవడం రాదు గానీ, చదివేవాళ్ళ చేతులు చూడ్డం వచ్చు.

కనకలక్ష్మి తలుపు తీసి కదలకుండా నిలబడింది. కూర్చోమనలేదు. నేనే కూర్చున్నాను. "ఇదుగో, ఇది చదువు. వెనక వైపు" అన్నాను.

చూసింది. మడిచింది. నా ఒళ్ళో పెట్టింది.

"ఇది నీకు రాసింది కాదు పిన్నీ. శాంతకు. నేను చదవను."

చదవనన్నదే చదివినట్టయింది నాకు.

దాని మొగుడు వచ్చి, నన్ను చూసి, చెప్పులు విడవకుండానే మళ్ళీ బయటికి వెళ్ళిపోయాడు. కొళాయి దగ్గర నేనన్నది తప్పని చెప్పడానికి నోరు తెరిచాను. అది అడ్డుపడింది.

"ఉండు పిన్నీ. నువ్వు ఆ మాట అంటే నేనూ ఒకటి చెప్పాల్సొస్తుంది. ఆ రోజు నాకూ సరేనందామని ఉంది. చిన్నాడికి నీళ్ళంటే భయం, వరదొచ్చినప్పుడల్లా వాణ్ణి మంచం మీద నుంచి దించలేం. నువ్వు పక్కన కూర్చున్నావు. వద్దన్నాను."

"నేనేమన్నా కొరుకుతానా?"

"అరుస్తావుగా."

"ఇంకెవరైనా ఉన్నారా నీలాగా?"

"అది వాళ్ళనే అడగాలి. నువ్వు లేకుండా."

ఈ ముక్క రాయనంటోంది. రాయమన్నాను.

ఇంటికి వచ్చాను. శాంత అన్నం పెట్టింది. పులుసు పోసింది. నేను ఒక్కటే అడిగాను. "నీకు ఈ ఇల్లు వద్దా?"

గరిటె గిన్నెలోనే ఉంచి అంది. "ఇల్లు కావాలత్తయ్యా. ఏరు వద్దు."

నా కొడుకును తీసుకుపోయింది ఏరే. నాకు తెలియదా? ఆ గట్టు మీదే వాణ్ణి కాల్చాం. వాడున్న చోటు వదిలి నేను కాలనీలో ఏం చెయ్యను అని నేను, వాణ్ణి మింగిన చోటు రోజూ చూస్తూ ఎలా ఉండను అని అది. ఆరేళ్ళు ఒకే పొయ్యి మీద వండుకు తిన్నాం. ఈ మాట ఒకరితో ఒకరం అనుకోలేదు. ఎవరో పలక పట్టుకుని వచ్చిన పిల్ల అడగాల్సి వచ్చింది.

నేను అన్నం సగంలో లేవలేదు. అంతవరకు చెబుతాను. ఇంకేం అడగకు.

ఇసుక రేవు వాళ్ళు ఒక్కొక్కరినీ విడదీసి మాయ చేశారని నేను ఒక్క నెంబరు పెట్టాను. ఆ నెంబరుతో నేనూ అదే పని చేశాను. వాళ్ళు విడగొట్టి నోరు మూయించారు, నేను కలిపి మూయించాను.

నా వద్దు మాత్రం వద్దే. అది మారదు. నేను మెత్తబడ్డానని నీ ఆఫీసులో చెప్పుకోకండి.

బ్యారేజీ దగ్గర మొదటి హెచ్చరిక వేశారని మైకులో చెబుతున్నారు. నీళ్ళు ఇంకా కంద తోట దాకా రాలేదు. వాంగ్మూలం శాంత చేతే రాయిస్తాను. కనకలక్ష్మి వద్దంటోంది, శాంతను ఇంకా కష్టపెట్టకు అంటోంది. కష్టపెట్టడానికి కాదు.

శివపార్వతి


గోరింటలంక,
ఆగస్టు 7

వరద రక్షణ ప్రాజెక్టు ఆఫీసు వారికి,
నకలు: సంయుక్త, విజయవాడ

మల్లంపాటి శివపార్వతి అనే నేను, ఏటివీధి కాపురస్థురాలిని, చెప్పి రాయించిన వాంగ్మూలం.

ఉగాది తరవాత మీ మనిషి ఎలిజబెత్ వచ్చి అడిగినప్పుడు మా వీధి ఆడవాళ్ళందరూ ఒకే ఫోన్ నెంబరు చెప్పారు. అది నాది. నేను చెప్పమంటే చెప్పారు. ఒక్కతే పది పేర్లు చెప్పిందన్న అనుమానం మీకు వద్దు. మనుషులు పదకొండు మంది ఉన్నారు, వచ్చి చూసుకోండి. మీ కంప్యూటర్ నెంబరును మనిషి అనుకుంది. నేనూ అదే అనుకున్నాను. దాని తప్పు ఎలా జరిగిందో చెప్పే ఉత్తరం జత చేశాను, ఆ తప్పు దిద్దింది నా మనవరాలు. దాన్ని దండిస్తే నేను బస్సెక్కి మీ ఆఫీసుకు వస్తాను. నా తప్పు నేను దిద్దుకుంటున్నాను.

ఎలిజబెత్ ఎప్పుడొస్తుందో ముందు రోజు చెప్పండి. ఆ పూట నేను గేదెలను తోలుకుని కరకట్ట అవతలికి పోతాను. పిలిచినా నాకు వినబడదు. ఎవరి చీటీ వాళ్ళకివ్వండి. ఎవరేం చెప్పినా తరవాత నేను అడగను. వీధిలో ఎవరినీ అడగనివ్వను. ఈ మాటకు ఎదురింటి కనకలక్ష్మి సాక్షి.

సభలో లెక్క చదివేటప్పుడు మొత్తం చదవండి. సమ్మతాలు ఎన్ని, వద్దులు ఎన్ని అని. ఎటు ఎక్కువైతే అటు. వీధి లేచిపోతే లేచిపోతుంది. నిలిస్తే, వెళ్తామన్నవాళ్ళ నోరు నొక్కి నిలిచింది కాకూడదు. వరదొస్తే కరకట్ట దాకా చేర్చే పడవ ఒకటి మా వీధికి ఎప్పుడూ కట్టి ఉండాలి. సమ్మతమన్నవాళ్ళ కోసం అది అడుగుతున్నాను.

నా జవాబు ఇప్పుడే చెబుతున్నాను, మళ్ళీ అడగక్కర్లేదు. నేను వెళ్ళను. వద్దు.

మా ఇంట్లో ఆడవాళ్ళం ఇద్దరం. మీ దగ్గర మా ఇంటికి ఒక్క జవాబు ఉంటే అది తప్పు. మా ఇంటి నుంచి రెండు వస్తాయి. రెండూ ఒకటి కావు. రెండూ రాసుకోండి.

ఇది రాసింది నా కోడలు. రాసి, నాకు చదివి వినిపించింది. కాగితం రెండు వైపులా.

మల్లంపాటి శివపార్వతి
ఎడమ బొటనవేలి ముద్ర

సాక్షులు:
మల్లంపాటి శాంతకుమారి, కోడలు
కనకలక్ష్మి, ఎదురిల్లు